కాటా మేస్త్రీ తగ్గించిన డిగ్రీ

యంత్రమన్నది ఏదైనా అబద్ధం చెబుతుందని కాటా మేస్త్రీ నమ్మకం. కొన్ని ఎక్కువ చెబుతాయి, కొన్ని తక్కువ చెబుతాయి, మంచి మేస్త్రీ చేతిలో పడ్డవి కాస్త సిగ్గుపడి నిజం చెబుతాయి. కొట్లలో తూకపు కాటాలను విప్పి, తుడిచి, ముల్లును సున్నా మీద నిలబెట్టడం ఆయన పని. గోడ గడియారం చూసినా, బస్టాండులో బరువు చూసే మిషను చూసినా ఆయన అడిగేది ఒక్కటే: "దీన్ని ఎప్పుడు సరిచూశారు?" దానికి జవాబు చెప్పినవాళ్లు ఇంతవరకు లేరు. పెళ్లినాడు మామగారి చేతి గడియారం విప్పి చూస్తానన్నాడట. ఆ తర్వాత కూడా ఆ పెళ్లి ఎలా జరిగిందో ఆయన భార్యకు ఇప్పటికీ అంతుపట్టదు.

ఆవిడది స్కూల్లో గంట కొట్టే ఉద్యోగం. ఆ గంట ఎప్పుడూ ఒక నిమిషం ముందే మోగుతుందని మేస్త్రీ ఫిర్యాదు. పిల్లలెవరూ అలా ఫిర్యాదు చేయలేదని ఆవిడ జవాబు. కాపురం ఇలా సజావుగా సాగుతుండగా, ఒకరోజు స్నానం చేస్తుంటే ఆవిడ చేతికి రొమ్ములో చిన్న గడ్డ తగిలింది. నొప్పి లేదు. నొప్పి లేదు కదా అని కొన్నాళ్లు ఊరుకుంది. ఇక ఊరుకోలేక మొగుడికి చెప్పింది. ఆయన చొక్కా వేసుకుని "పద" అన్నాడు. ఆ ఒక్క విషయంలో ఆయనకు వంక పెట్టడానికి లేదు.

ఆస్పత్రిలో ఫొటోలు తీశారు, సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు, క్యాన్సరన్నారు. "మీ మిషను ఎప్పుడు సరిచూశారు?" అన్నాడు మేస్త్రీ. అదే ముక్కను ఇంకో ల్యాబులో చూపించాడు. వాళ్లూ అదే మాట అన్నారు. రెండు చోట్లా ఒకే మాట రావడం ఆయన వృత్తిలో చాలా అరుదు. ఆస్పత్రి మెట్ల మీద కూలబడి ఏడ్చాడు. ఏడుపయ్యాక కళ్లజోడు తుడుచుకుని, వైద్యం ఎప్పుడు మొదలుపెడతారని అడిగాడు.

మొదటిసారి మందు ఎక్కించిన రోజు, నర్సమ్మ కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది.

"బాబాయ్‌గారూ, జాగ్రత్తగా వినండి. ఈ మందు క్యాన్సర్‌తో పాటు రోగాలతో పోట్లాడే తెల్ల కణాలను కూడా చంపేస్తుంది. అవి తగ్గినప్పుడు చిన్న ఇన్ఫెక్షన్ వచ్చినా గంటల్లో ప్రాణం మీదికొస్తుంది. దగ్గూ, చీమూ ఏమీ కనపడకపోవచ్చు, జ్వరం ఒక్కటే కనపడుతుంది. వంద పాయింట్ నాలుగు చూపించిందా, మాత్రలేమీ వేయకండి, రేపు చూద్దాంలే అనకండి. తిన్నగా తీసుకొచ్చేయండి."

"వంద పాయింట్ మూడైతే?"

నర్సమ్మ ఆస్పత్రి నంబరు రాసిన కాగితం ఆయన చేతిలో పెట్టింది. "నలతగా ఉంటే దానికీ ఫోన్ చేయండి" అంది.

కొత్త థర్మామీటరు కొనేదాకా అంతా బాగానే ఉంది. ఏ కొత్త వస్తువునైనా పాతదాని పక్కన పెట్టి చూస్తే గాని మేస్త్రీకి నిద్రపట్టదు. ఇంట్లో పాత గాజు థర్మామీటరు ఒకటుంది. ఒక చంకలో అది, ఇంకో చంకలో ఇది పెట్టుకుని, రెక్కలు ముడుచుకున్న కోడిలా కూర్చున్నాడు. కొత్తది ఒక డిగ్రీ ఎక్కువ చూపించింది. "చెప్పానా?" అన్నాడు తృప్తిగా. దానికి ఎర్రదారం కట్టాడు. ఆయన దగ్గర ఎర్రదారం పడిన కాటాను బాగుచేసేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. అయితే దీన్ని విప్పడానికి ఎక్కడా స్క్రూలు కనపడలేదు. సరే, ఒకటి తగ్గించి చదువుకుంటే పోలా అన్నాడు భార్యతో. పాతదే తక్కువ చెబుతోందేమోనన్న అనుమానం ఆయనకు కలలో కూడా రాలేదు. అది వాళ్లమ్మ కొన్నది.

రెండోసారి మందు ఎక్కించాక, తర్వాతి వారంలో ఒకరోజు పొద్దున ఆవిడ మంచం దిగలేదు. ఎర్రదారం థర్మామీటరు వంద పాయింట్ తొమ్మిది అంది.

"తొంభైతొమ్మిది పాయింట్ తొమ్మిది. జ్వరం లేదు" అన్నాడు మేస్త్రీ.

"ఒళ్లు కాలిపోతోందండీ."

"అంత దుప్పటి కప్పుకుంటే కాలక ఏం చేస్తుంది?"

మధ్యాహ్నం నూట ఒకటి పాయింట్ రెండు అంది. "వంద పాయింట్ రెండు. ఇంకా రావాలి" అన్నాడు.

"వచ్చేదాకా కూర్చోడానికి అదేమన్నా బస్సా?" అంది ఆవిడ. మామూలుగా అయితే ఇంకో నాలుగు అంటించేది. ఆ రోజు కళ్లు మూసుకుంది. ఉల్లిపాయల కొట్టులో కాటా బాగుచేస్తానని మాటిచ్చానని, చిటికెలో వస్తానని ఆయన సంచీ తీసుకున్నాడు. "వెళ్లి రండి. నేనెక్కడికి పోతాను" అంది.

కొట్టులో కాటా పళ్లెం ఖాళీగా ఉండగానే ముల్లు సున్నా దాటి రెండు గీతల అవతల ఉంది. మేస్త్రీ స్క్రూలు విప్పుతుంటే కొట్టాయన బతిమాలాడు.

"బేరాల వేళండీ మేస్త్రీగారూ, రేపు చూద్దురుగాని. ఇవాళ్టికి నేనే రెండు గీతలు తగ్గించి చెప్తాలెండి. నాకు తెలుసుగా ఎంత తేడానో."

ఇలాంటివాళ్ల కోసం మేస్త్రీ నాలుక మీద ఎప్పుడూ ఒక తిట్టు సిద్ధంగా ఉంటుంది.

"తగ్గించడానికి నువ్వెవడివయ్యా? నీ లెక్క ఎవడు సరిచూశాడు? అది తప్పయితే పోయేది నీదా? ఎదుటి మనిషిది..."

అంతవరకే అన్నాడు. తగ్గించి చెప్పినప్పుడల్లా పొద్దుటి నుంచి తన ప్రాణం ఎంత హాయిగా ఉందో, ఆ హాయి కోసమే మధ్యాహ్నం మళ్లీ ఎలా తగ్గించాడో అప్పుడు తెలిసొచ్చింది. ఆయనకు జ్వరం అక్కర్లేదు. అందుకని లేదన్నాడు. ఇన్నేళ్లలో ముల్లు దగ్గర వేలు పెట్టారని ఎంతమందిని దొంగలన్నాడో వాళ్లందరూ వరసగా గుర్తొచ్చారు. స్క్రూలు ఉల్లిపాయల్లో పారేసి ఇంటికి పరుగెత్తాడు. బేరాల వేళ కాటా విప్పేసి పోయాడని కొట్టాయన వెనకనుంచి తిట్టిన తిట్లు ఆయన చెవిన పడలేదు.

ఆవిడ పళ్లు టకటకలాడేలా వణుకుతోంది. పిలిస్తే పలకడానికి ఆలస్యమవుతోంది. ఆటోలో ఆయన ఆవిడ చేయి వదల్లేదు, ఆస్పత్రి గేటు దగ్గర కనపడ్డవాడికల్లా "క్యాన్సర్ మందు ఎక్కించుకుంటోంది, జ్వరమొచ్చింది" అని అరిచాడు. ఎవరూ ఆగమనలేదు. వెంటనే లోపలికి తీసుకుపోయి రక్తం తీశారు. ఫలితం వచ్చేదాకా ఆగకుండానే యాంటీబయాటిక్ సెలైన్‌లో ఎక్కించడం మొదలుపెట్టారు. రక్తపోటు పడిపోయిందన్నారు. తర్వాత వచ్చి, తెల్ల కణాలు దాదాపు లేవన్నారు. రాత్రి గడిస్తే గాని ఏమీ చెప్పలేమన్నారు.

మేస్త్రీ జేబులోంచి ఎర్రదారం థర్మామీటరు తీసి నర్సమ్మ చేతిలో పెట్టాడు. ఆమె తన థర్మామీటరు తర్వాత దాన్నీ పెట్టి చూసింది. రెండూ నూట రెండు పాయింట్ నాలుగు చూపించాయి.

"బాగానే ఉందిగా బాబాయ్‌గారూ. ఈ దారమెందుకు?"

ఆయన పొద్దుటి నుంచి జరిగిందంతా చెప్పాడు. నాలుగు చివాట్లు పెడుతుందని తల వంచుకుని నిలబడ్డాడు. నర్సమ్మ "పొద్దున్నే తీసుకురావాల్సింది" అని మాత్రం అంది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. బెంచీ మీద కూర్చుని, ముడి ఊడకపోతే పళ్లతో కొరికి దారం తెంపాడు. ఆవిడ లేకపోతే తనకు ఇల్లు లేదని, ఆ మాట ఆవిడకు ఒక్కసారి కూడా చెప్పలేదని ఆ బెంచీ మీద అనుకున్నాడు.

తెల్లవారాక ఆవిడ కళ్లు తెరిచింది. నర్సమ్మ థర్మామీటరు తీసి, చదవమన్నట్టు ఆయనకే ఇచ్చింది.

"ఎంతుందండీ?"

మేస్త్రీ కళ్లజోడు సరిచేసుకుని రెండుసార్లు చూశాడు.

"తొంభైతొమ్మిది."

ఆవిడ ఆయన మొహంలోకి అనుమానంగా చూసింది. "తగ్గించి చెబుతున్నారా?"

"లేదే. అదే తగ్గింది" అన్నాడు, ఏడుస్తూ.