‘చెయ్యిచ్చారు’ అని ఎప్పుడంటారు

2014 జులైలో నన్ను కోటబొమ్మాళి వైపు ఒక విద్యుత్ సెక్షన్‌కు సహాయ ఇంజనీరుగా వేశారు. నాలుగేళ్లకు ఆ ఉద్యోగం మానేశాను. అక్కడ పడ్డ మాటల్లో ఒకటి మాత్రం అన్యాయమని మొదట వాదించాను.

అక్టోబరులో, వరి పొట్టమీదున్నప్పుడు, మూడు బోర్లకు కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. పద్ధతి ప్రకారం దాన్ని మరమ్మతు షెడ్డుకు పంపి, అక్కడ సిద్ధంగా ఉన్నది తెచ్చి బిగించాలి. షెడ్డులో ఆ సామర్థ్యంది లేదు. ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పరు. రైతుల ఫోన్లు మాత్రం ఆగవు.

మా లైన్ ఇన్‌స్పెక్టర్ దగ్గర దానికో మందుంది. "ఏదో ఒక వారం సెప్పీండి సార్. అందాకా ఫోన్ సెయ్యరు." సెక్షన్‌లో అందరూ చేసేదదే. నేనూ ఆ రైతుల్లో ఒకరైన సూరమ్మకు గురువారం అని చెప్పాను.

గురువారం రాలేదు. శుక్రవారమూ రాలేదు. శనివారం ఆమే ఆఫీసుకు వచ్చింది.

"ఏటి బాబూ, సెయ్యిచ్చీసినావు?"

నాకు ఒళ్లు మండింది. ఆలస్యం వేరు, చెయ్యివ్వడం వేరు అన్నాను. షెడ్డులో స్టాకు లేకపోవడం, లారీ రాకపోవడం, పైనుంచి మంజూరు కాకపోవడం వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పాను. అంతా విన్నది.

"ఆలీసమైతే నానెందుకొస్తాను? నువ్వు లచ్చివారం అన్నావని, అద్దెకి తెచ్చిన డీజిలింజిను బుధవారమే తిప్పి పంపీసినాను. ఇప్పుడది ఇంకొకడి పొలంలో ఉన్నాది. ఇమ్మంటే నవ్వుతన్నాడు. ఎప్పుడొస్తాదో తెల్దని సెప్పీసుంటే వదులుదునా? ఈ ముసలోడు సెప్తే నమ్ముదునా? నువ్వు సెప్పినావనే నమ్మినాను." అని లైన్ ఇన్‌స్పెక్టర్ వైపు చెయ్యి చూపించింది. ఆయన రిజిస్టరులోకి తల దూర్చాడు.

ట్రాన్స్‌ఫార్మర్ పదో రోజున వచ్చింది. మిగతా ఇద్దరు రైతులూ మా తేదీల సంగతి ఎరిగినవాళ్లు. తాము అద్దెకు తెచ్చుకున్న ఇంజిన్లు వదల్లేదు, పంట దక్కించుకున్నారు. సూరమ్మ ఎకరంలో సగం తాలు పోయింది.

ఆ ముగ్గురికీ జరిగిన ఆలస్యం ఒకటే. చెయ్యిచ్చింది ఒక్కరికే. మన మాట నమ్మి చేతిలో ఉన్న ఆధారం వదులుకున్నవాళ్ల విషయంలోనే ఆ మాట వర్తిస్తుందని నాకప్పుడు అర్థమైంది. తరువాత ఎవరు ఫోన్ చేసినా, తేదీ తెలియనప్పుడు తెలియదనీ, ఇంజిను ఉంచుకోమనీ చెప్పేవాణ్ణి. ఫోన్లు రెట్టింపయ్యాయి.