సెన్సార్‌కి మధ్యాహ్నం కునుకు

భావనపాడు బీచ్ దగ్గర ఒక రిసార్టులో ఈతకొలను చూసుకునే ఆయన ఒకప్పుడు సముద్రంలో చేపలవేటకి వెళ్లిన మనిషి. కొలను నీళ్లు వడకట్టే ఫిల్టర్‌కి నేనొక సెన్సార్ బిగించాను. లోపల మట్టి పేరుకుని ప్రెషర్ పెరిగితే శ్రీకాకుళంలో ఉన్న నా ఫోన్‌కి తెలుస్తుంది.

కానీ రోజూ ఒంటిగంటకి ఫోన్లో ప్రెషర్ చూపించే గీత తెగిపోయి అలారం మోగేది. రెండింటికి మళ్లీ మొదలయ్యేది. వైరింగులో లోపమనుకుని, నాలుగోరోజు ఎండలో బండేసుకుని వెళ్లాను. పంపుగదిలో సెన్సార్ స్విచ్ ఆపేసి ఉంది. ఆయన పక్కనే బాసింపట్టు వేసుకుని, ఫిల్టర్‌కి అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండింది.

"ఏటి మావా, ఎందుకాపేసినావు?"

"పొద్దున్నుంచి కాపలా కాస్తన్నాది బాబూ. పడవమీదైనా ఒకడు కునుకు తీస్తే ఇంకొకడు వల సూస్తాడు. ఇది లేసేదాకా నాను సూస్తన్నాను."

దానికి అలుపుండదని చెప్పబోయాను. చివరికి ఆ ఒక్కగంటా అలారం మోగకుండా ఫోన్లో మార్చుకుని వచ్చేశాను.

కిందటేడు ఆయన పని మానేశాడు. ఇప్పుడు గీత ఎక్కడా తెగడం లేదు. ఒంటిగంటకి దాన్ని చూస్తే జాలేస్తుంది.