తడి తువ్వాలులో వరి ఆకులు

నిన్న మా మనవరాలు వరండాలో కూర్చుని గోళ్ళకు రంగు వేసుకుంటుంటే, ఆ ఘాటు వాసన ముక్కుకు తగిలి, చిక్కుడుకాయలు ఒలుస్తున్న నా చేతులు అలాగే ఆగిపోయాయి. నా ఈడు ఆడవాళ్ళకు ఆ వాసనతో ఏ పెళ్ళి సందడో గుర్తుకు రావచ్చు గానీ, నాకు మాత్రం వరి ఆకులూ మా బాబాయీ గుర్తుకొస్తారు, ఆ పూటకిక అన్నం సహించదు.

మా నాన్నగారూ బాబాయీ విజయనగరం వైపు నుంచి రైల్వే ఉద్యోగాలకని రాయపూర్ వచ్చి, డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో ఉంటూ వ్యాగన్లు బాగుచేసేవారు. నాన్నగారు ఆ వర్క్‌షాపులోనే రిటైరయ్యారు. బాబాయికి మాత్రం చిన్నప్పటినుంచీ పొలం పిచ్చి. అందరూ నెత్తీనోరూ బాదుకుంటున్నా వినకుండా పక్కా ఉద్యోగం వదిలేసి, ఆరంగ్ దగ్గర నాలుగెకరాల మెరక భూమి కొనుక్కుని అక్కడే ఒక గది వేసుకున్నారు. పిన్ని అంతకుముందే పోయింది, పిల్లలు లేరు, ఆయనకున్నదల్లా ఆ భూమీ, ఆదివారం చర్చికొచ్చినప్పుడు మా ఇంట్లో తినే భోజనమూను.

ఎనభైలలో నేను బి.ఎస్సీ. అయి, పంటల మీద పరిశోధన చేసే ఒక లాబొరేటరీలో సహాయకురాలిగా చేరాను. ఆకు అడుగున రంగులేని గోళ్ళ పాలిష్ పూసి, ఆరాక టేపుతో ఊడదీసి, గాజుపలక మీద అంటించి మైక్రోస్కోపులో చూస్తే ఆకుకుండే పత్రరంధ్రాలన్నీ అచ్చుపడి కనిపించేవి. మొక్క గాలి పీల్చుకునేదీ, నీళ్ళు ఆవిరిగా పోగొట్టుకునేదీ ఆ సన్నని నోళ్ళలోంచే. వాటిని లెక్కపెట్టడం నా పని. మా అమ్మకు ఈ గొడవేం తెలుసు? నా సంచీలో పాలిష్ సీసా చూసి, పిల్ల చెడిపోయిందని మూడు రోజులు మాట్లాడలేదు. బాబాయి వచ్చి సర్దిచెప్పి, అంతటితో ఊరుకోకుండా మరుసటి ఆదివారం గోల్ బజారుకు వెళ్ళి, గాజుల కొట్టువాడు నవ్వుతున్నా లెక్కచెయ్యక నాకొక సీసా కొనుక్కొచ్చారు. తెచ్చింది ముదురెరుపు. అది నా పనికి రాదని చెప్పడానికి మనసొప్పక పెట్టెలో దాచుకున్నాను.

ఆ ఏడాది ఆయన తన పొలంలోంచి వరి ఆకులు తడి తువ్వాలులో చుట్టుకుని బస్సులో మా లాబొరేటరీకి పట్టుకొచ్చారు. అవి పేరు కూడా లేని ఎర్ర వడ్లు. పక్క పొలం ముసలావిడ చనిపోయేముందు ఇచ్చిన విత్తనం, చుట్టుపక్కల అందరూ మానేసినా ఈయనొక్కరే వేస్తున్నారు. వచ్చే ఏడాది కూడా ఇవే వెయ్యనా, కొత్త రకానికి మారనా అని నన్నడిగారు. చదువుకున్న పిల్లనని నన్నడిగారు!

నేను లెక్కపెట్టాను. మా లాబొరేటరీ వాళ్ళ కొత్త రకం కంటే ఆ ఆకుకు ఇంచుమించు రెట్టింపు రంధ్రాలున్నాయి. ఇన్ని నోళ్ళున్న మొక్క నీళ్ళన్నీ ఆవిరి చేసేసుకుంటుంది, వాన వెనకబడితే నిలవదు, మానెయ్యండి బాబాయ్ అని పెద్ద పంతులమ్మలా చెప్పాను. ఆయన సరేనని తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నారు. కోతలయ్యాక, ఇక విత్తనం దాచడమెందుకని గింజ మిగల్చకుండా ఆడించి, క్రిస్మస్‌కు ఆ బియ్యమంతా మా ఇంటికే తెచ్చారు. అన్నం ఎంత తియ్యగా ఉందో! నేను మారు వడ్డించుకుని మరీ తిన్నాను.

మరుసటి ఏడు ఆగస్టు దాటగానే వానలు ముఖం చాటేశాయి. బాబాయి వేసిన కొత్త రకం కంకి బయటికి రాకముందే, పొట్ట దశలోనే ఎండిపోయింది. ఆ చలికాలమే లాబొరేటరీలో మా పెద్ద సారు నా పాత గాజుపలకలు తిరగేస్తూ, ఎన్ని ఉన్నాయో రాశావు సరే, ఒక్కొక్కటీ ఎంత ఉందో కొలవలేదేమని అడిగి, తనే కూర్చుని కొలిచారు. ఆ ఎర్ర వడ్ల రంధ్రాలు ఎక్కువేగాని బాగా చిన్నవట. చిన్నవి ఎండ ముదరగానే చప్పున మూసుకోగలవు, పెద్దవాటికి ఆలస్యమవుతుంది, ఆ విత్తనం తెప్పించమ్మా అన్నారు. ఎక్కడినుంచి తెప్పించను? నేనే తినేశాను కదా.

బాబాయి భూమి అమ్ముకుని సిల్తారాలో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలాకు కుదిరారు. ఆయనకు నిజం చెప్పడానికి నాకు ఏళ్ళు పట్టింది. ఒక మధ్యాహ్నం కేరేజీ పట్టుకుని వెళ్ళి, ఆయన తింటుండగా, తప్పు నాదేనని ఏడుస్తూ చెప్పేశాను. ఆయన భుజాల నిండా నల్లటి దుమ్ము. ముద్ద కంచంలో పెట్టేసి అన్నారు:

"నాకు తెలుసమ్మా. మధ్యాన్నం ఎండకి పక్క చేలో ఆకులన్నీ చుట్టుకుపోతే, మనది ఒక్కటే విప్పుకుని ఉండేది. ఏటేటా చూసేవోణ్ణి."

మరి నాకెందుకు చెప్పలేదు బాబాయ్ అన్నాను.

"నువ్వు మిషన్లో చూసి చెప్పావు కదా తల్లీ. నేనేటి చెప్తాను?"

ఆ తరువాత రెండేళ్ళకే ఆయన పోయారు. ఇప్పుడు ఆకును మొక్కనుంచి తెంపకుండానే అది ఎంత నీరు పోగొట్టుకుంటుందో చెప్పే యంత్రాలు వచ్చాయట, పాలిష్‌తో పని లేదట. మా సారుంటే ఎంత సంతోషించేవారో. ఆరంగ్ వైపు బస్సులో వెళ్తే ఆ నాలుగెకరాల్లో ఎవరివో ఇళ్ళు కనిపిస్తాయి, నేను తల తిప్పుకుంటాను. తడి తువ్వాలు విప్పిన ఆ రోజు ఆయన నా బల్ల పక్కన గంటసేపు నిలబడే ఉన్నారు. ఈ చేను ఎండలో ఎలా ఉంటుంది బాబాయ్ అని ఒక్క మాట అడిగి ఉంటే ఆయన చెప్పేవారు. నేను అంకెలు తప్పకూడదని, కాసేపు మాట్లాడించకండి అన్నాను.