గ్లెండా కప్పు తిరగేసిన రోజు

మా బర్స్‌లెమ్ ఊరివాళ్ళకి ఒక జబ్బు ఉంది. ఎక్కడ కప్పు కనిపించినా, సాసరు కనిపించినా తిరగేసి అడుగు చూడందే ఉండలేరు. పెళ్ళి విందు కానివ్వండి, చావు ఇల్లు కానివ్వండి, పెద్ద హోటల్లో సర్వరు పక్కనే నిలబడి గుడ్లప్పగించి చూస్తున్నా సరే, ముందు ప్లేటు ఎత్తి అడుగున ఎవరి ముద్ర ఉందో చదువుతారు. అది మన ఊరి సరుకని తేలితేగానీ ముద్ద దిగదు. తరాల తరబడి పింగాణీ చేసి బతికిన ఊరు కదా, ఆ మాత్రం తిక్క ఉంటుంది. గ్లెండా కోప్‌స్టేక్‌కి అది ఇంకాస్త ఎక్కువ.

బడి మానేసిన వారమే ఆవిడ పింగాణీ ఫ్యాక్టరీలో చేరింది. కప్పుల అంచుకి బంగారు గీత వేసే పని. చిన్న చక్రం మీద కప్పు పెట్టి, ఎడమచేత్తో చక్రం తిప్పుతూ, కుడిచేతిలో కుంచె కదలకుండా పట్టుకోవాలి. గీత చుట్టూ తిరిగి మొదలైన చోటికే వచ్చి కలవాలి, అతుకు కనిపించకూడదు. ఎంతోమంది ఆడపిల్లలు ఆ చక్రం ముందు కూర్చుని ఏడ్చి లేచిపోయారు. గ్లెండా గీతలో అతుకు ఎక్కడుందో మేస్త్రమ్మ కూడా కళ్ళద్దాలు పెట్టుకుని వెతికి ఓడిపోయేది.

తరవాత కీళ్ళవాతం వచ్చింది. వేళ్ళు వాచాయి, వంకర్లు పోయాయి, కుంచె చేతిలో నిలవడం మానేసింది. గ్లెండా పని మానేసి, అందరితో కళ్ళు సరిగ్గా ఆనడం లేదని చెప్పింది. డాక్టరుకి నిజం తెలుసు, భృతి ఇచ్చే ప్రభుత్వానికి కాగితాల మీద తెలుసు. కట్టుకున్న మొగుడితో మాత్రం ‘కాస్త పట్టేసినట్టు ఉంటాయి, అంతే’ అనేది. ఎండాకాలంలో కూడా చేతులు స్వెట్టరు జేబుల్లో పెట్టుకుని తిరిగేది. కొట్లో చిల్లర తీయాల్సి వస్తే, పర్సు కొట్టువాడి ముందు పడేసి, నువ్వే తీసుకో నాయనా, నాకు ఈ కొత్త నాణేలు కనిపించి చావవు అనేది. వాడూ నమ్మేవాడు.

ఇది ఆవిడ ఒక్కదాని గొడవ కాదు. స్ట్రెచరు మీద మోసుకుపోతున్న మనిషిని ఎలా ఉన్నావని అడిగినా, పర్లేదు, నువ్వెలా ఉన్నావని అడిగే ఊరు మాది. ఒంట్లో బాగాలేదని చెప్పుకోవడం మాకు నడివీధిలో బట్టలు విప్పుకున్నట్టు ఉంటుంది. నాకైతే ఈ బడాయి చూస్తే ఒళ్ళు మండుతుంది. అలాగని నేనేమీ తక్కువ తినలేదు.

గ్లెండా మొగుడు క్లైవ్ బడిలో తాళాలూ బాయిలరూ చూసుకునే మనిషి. మాట తక్కువ. ఆవిడ లెక్కలో అతనికి రెండే రెండు లోపాలు. ఒకటి, ఏ సీసా మూతా గట్టిగా బిగించడు. జాము సీసా అయినా, ఉల్లిపాయల ఊరగాయ సీసా అయినా మూత దాని మీద ఊరికే కూర్చుని ఉంటుంది. రెండు, కెటిల్లో సగానికి మించి నీళ్ళు పొయ్యడు, మరో మనిషి వస్తే మళ్ళీ కాచుకోవాల్సిందే. పెళ్ళైన కొత్తలో ఇలా ఉండేవాడు కాదు, వయసు మీదపడి మతిమరుపూ పిసినారితనమూ కలిసి వచ్చాయని గ్లెండా వీధంతా చెప్పేది. ఆవిడ తిట్టినప్పుడల్లా అతను తల గోక్కుని, మర్చిపోయాను గ్లెన్ అనేవాడు. మర్నాడు మళ్ళీ అదే.

ఇలా నడుస్తున్న సంసారంలోకి ఉపాధి ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. పని గురించి మాట్లాడటానికి ఇంటర్వ్యూకి రావాలి, రాకపోతే భృతిలో కోత పడవచ్చు అని మర్యాదగానే రాశారు. ఆ మర్యాదకే గ్లెండా గుండెల్లో రాయి పడింది. క్లైవ్ దాన్ని రెండుసార్లు చదివి, బడికి సెలవు పెట్టి నేనూ వస్తానన్నాడు. అక్కర్లేదని ఆవిడ కసిరింది. అక్కడ చేతుల సంగతి చెప్పక తప్పదు. పరాయివాళ్ళ ముందు చెప్పడమే గండం, క్లైవ్ పక్కన కూర్చుని వింటుండగా చెప్పడం ఆవిడ వల్ల అయ్యే పని కాదు. చెప్పకపోతే ఏ పనికో పంపిస్తారు, వెళ్ళలేకపోతే భృతి పోతుంది. ఆ రెంటి మధ్యా పడి ఆవిడకి నిద్ర పట్టలేదు.

పక్కింటి ఏవ్రిల్ ఇలాంటి ఇంటర్వ్యూలు చాలా చూసింది. నడుము పోయి ఏళ్ళు గడిచాయి, ఆ విషయం వినేవాళ్ళ నడుం పడిపోయేదాకా చెప్పగల మనిషి. చీజూ పంది మాంసమూ పెట్టి చుట్టిన ఓట్‌కేకులు, అంటే మా ఊరి ఓట్స్ అట్లు, తెచ్చి, బల్ల ముందు కూర్చుని, కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చి, తనే ఆఫీసరమ్మ అయిపోయింది.

“ఎలా ఉన్నారండీ ఇవాళ?” అంది.

“బాగానే ఉన్నానండీ,” అంది గ్లెండా.

“కొంప ముంచావ్ పో. ఆ ముక్క అన్నావంటే వాళ్ళు అదే రాసుకుంటారు. మళ్ళీ చెప్పు.”

మళ్ళీ అడిగితే, పర్లేదండీ అంది. ఇంకోసారి అడిగితే, ఏదో ఇలా నడుస్తోందండీ, మీరెలా ఉన్నారు అంది. ఏవ్రిల్ తల పట్టుకుంది. సరే, నీకు ఏది కష్టమో అది చెప్పవే అంటే, గ్లెండా అందుకుంది. క్లైవ్ మూతలతో మొదలుపెట్టి, సగం కెటిల్ మీదుగా, రాని బస్సు దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పింది. చేతుల దాకా మాత్రం రాలేదు.

ఏవ్రిల్ అంతా విని ఓట్‌కేకు కింద పెట్టింది. “మొగుడి గురించి ఇంత సొంపుగా ఏడుస్తావే, చేతుల గురించి రెండు ముక్కలు ఏడవలేవూ?”

గ్లెండా ఏడవలేకపోయింది. ఇద్దరూ నవ్వుకుని ఓట్‌కేకులు తినేశారు.

ఆఫీసు పైకప్పు బాగుచేస్తున్నారని ఆ నెల ఇంటర్వ్యూలన్నీ మెథడిస్టు చర్చి హాల్లో పెట్టారు. అదే ఆవిడ అదృష్టమని నేనంటాను. మామూలు ఆఫీసులో అయితే మంచినీళ్ళు కూడా దొరకవు. చర్చి హాలు అన్నాక టీ లేకుండా ఉండదు. వచ్చినవాళ్ళందరికీ ఒక ముసలావిడ అడక్కుండానే కప్పులో పోసి ఇస్తోంది.

గ్లెండాకి రాసిపెట్టిన ఆఫీసరు పేరు రుక్సానా. ముప్ఫై దాటని మనిషి, చలికి ముక్కు ఎర్రబడి ఉంది, బల్ల మీద కంప్యూటరు, పక్కన తన కప్పు. లేచి నిలబడి కుర్చీ చూపించింది. ఎలా ఉన్నారు గ్లెండా గారూ అని అడిగింది. ఏవ్రిల్ నేర్పిందంతా గాలికి కొట్టుకుపోయింది. బాగానే ఉన్నాను తల్లీ, నువ్వెలా ఉన్నావు అంది గ్లెండా, చేతులు జేబుల్లోంచి తీయకుండా.

రుక్సానా అడుగుతూ పోయింది, గ్లెండా సర్దుకుంటూ పోయింది. బరువులు ఎత్తగలరా అంటే, ఏదో నెట్టుకొస్తున్నానంది. గుండీలు పెట్టుకోవడం కష్టమా అంటే, గుండీల బట్టలు తను వేసుకోదంది. అది నిజమే, ఎందుకు వేసుకోదో మాత్రం చెప్పలేదు. రుక్సానా టైపు చేస్తూ ఆగి, టైల్స్ గోడౌన్లో ప్యాకింగ్ నేర్పే చోటు ఒకటి ఖాళీగా ఉంది, పేరు ఇస్తే తప్పకుండా వెళ్ళాలి, మానేస్తే భృతి తగ్గుతుంది, మరి చేయగలరా అని నెమ్మదిగా అడిగింది.

చేయలేను అనే మాట గ్లెండా గొంతు దాకా వచ్చింది. నోరు మాత్రం దానిష్టం వచ్చినట్టు వాగింది. “చూద్దాంలే తల్లీ. చేస్తాను.”

సరిగ్గా అప్పుడే చర్చి ముసలావిడ వచ్చి గ్లెండా ముందు టీ పెట్టి వెళ్ళింది. తెల్ల కప్పు, అంచుకి బంగారు గీత.

తరవాత జరిగినదానికి గ్లెండా దగ్గర ఇప్పటికీ సంజాయిషీ లేదు. ఆవిడ బుర్ర టైల్స్ గోడౌన్లో ఉంది, చేతులు మాత్రం ఆ గీత కేసి వెళ్ళిపోయాయి. జేబుల్లోంచి బయటికి వచ్చి, కప్పు ఎత్తి, మా ఊళ్ళో ఎవరైనా చేసేదే చేశాయి. అడుగు చూడటానికి తిరగేశాయి. కప్పు నిండా టీ ఉందన్న సంగతి అవి పట్టించుకోలేదు. కప్పు పిడి మీద వేళ్ళు బిగవలేదు. కప్పు జారి బల్ల మీద దొర్లింది, టీ అంతా రుక్సానా కాగితాల మీదుగా ఆమె ఒళ్ళోకి కారింది. అదృష్టం కొద్దీ చర్చి టీ ఎప్పుడూ అంత వేడిగా ఉండదు.

రుక్సానా గబుక్కున లేచింది. గ్లెండా కప్పు పట్టుకోబోయి పట్టుకోలేక, గుడ్డ తీసుకోబోయి తీసుకోలేక, ఆ వంకర వేళ్ళతో బల్లంతా తడుముకుంది. రెండు చేతులూ బల్ల మీద, పట్టపగలు, అందరి ముందూ ఉన్నాయి. ఇన్నేళ్ళ దాపరికం ఒక్క కప్పు టీతో కొట్టుకుపోయింది. అవమానంతో ఆవిడ ముఖం కందిపోయింది.

రుక్సానా తడిసిన కాగితాలు పక్కకి నెట్టి, పడిన కప్పు తీసి, కూర్చునే ముందు దాని అడుగు చూసింది. ఆమె కూడా ఈ ఊళ్ళోనే పుట్టింది మరి.

“మా అమ్మ నా పెళ్ళిలో అత్తగారి పళ్ళేలన్నీ తిరగేసింది,” అంది. “బిర్యానీ వడ్డించాక.”

గ్లెండాకి నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది. రుక్సానా తొందరపెట్టలేదు. కంప్యూటరు కాస్త పక్కకి తిప్పింది.

“నేను భృతి ఇచ్చేదాన్నీ కాదు, తీసేసేదాన్నీ కాదు గ్లెండా గారూ. మీరు చెప్పింది రాసి, దాన్నిబట్టి మిమ్మల్ని ఎక్కడికి పంపాలో చూస్తాను, అంతే. బాగానే ఉన్నానంటే అదే రాయాలి. మళ్ళీ అడగనా?”

గ్లెండా తల ఊపింది. ఎలా ఉన్నారని ఆమె మళ్ళీ అడిగింది. హాల్లో ఎవరో దగ్గుతున్నారు, వంటింట్లో కప్పులు కడుగుతున్న చప్పుడు వస్తోంది. గ్లెండా తన చేతుల కేసి చూసుకుంటూ చెప్పింది.

“నా చేతులు పోయాయి తల్లీ.”

అంత చిన్న మాట. చెప్పాక కూడా చర్చి పైకప్పు కూలిపోలేదు. ఆ తరవాత ఆవిడ ఆగలేదు. కుంచె పడిపోయిన రోజు దగ్గర్నుంచి పొద్దున్న మేజోళ్ళతో పడ్డ కుస్తీ దాకా అంతా చెప్పింది. రుక్సానా ప్యాకింగ్ ముక్క కొట్టేసింది. ఇప్పట్లో ఏ పనికీ పంపను, శీతాకాలం పోయాక ఫోన్లోనే మాట్లాడుకుందాం, మీరు ఇంత దూరం రానక్కర్లేదు అంది. గ్లెండా ప్రాణం కుదుటపడింది. లేస్తూ లేస్తూ, ఆ కప్పు ఎవరిది తల్లీ అని అడిగింది.

రుక్సానా గొంతు తగ్గించింది. “మన ఊరిది కాదండీ. అసలు మన దేశందే కాదు.”

బర్స్‌లెమ్ నడిబొడ్డున, చర్చిలో, పరాయి దేశపు కప్పు. బస్సులో ఇంటికి వచ్చే దారంతా గ్లెండా తిట్టుకున్నది దాని గురించే. ఆ గీతలో అతుకు కూడా కనిపించిందట, టీ ఒలికే ముందే.

ఇంటికి వచ్చేసరికి క్లైవ్ బడి నుంచి వచ్చేసి, బల్ల మీద రొట్టే చీజూ ఊరగాయ సీసా పెట్టి ఎదురుచూస్తున్నాడు. ఎలా జరిగిందని అడిగాడు. బాగానే జరిగిందని గ్లెండా అలవాటుగా అనేసింది. కోటైనా విప్పకుండా కుర్చీలో కూర్చుంది. తరవాత చేతులు జేబుల్లోంచి తీసి బల్ల మీద పెట్టింది, రొట్టె పక్కన, అతనికి కనపడేట్టు.

“బాగా లేదు క్లైవ్. నా చేతులు పోయాయి. పట్టేసినట్టు ఉండటం కాదు. పోయాయి.”

క్లైవ్ ఊరగాయ సీసాని ఆ చేతుల పక్కకి జరిపాడు.

“తెలుసు,” అన్నాడు. “మూతలు వదులుగా ఎందుకుంటాయనుకున్నావ్?”

గ్లెండాకి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక సీసా కేసి చూసింది, తరవాత పొయ్యి పక్కనున్న కెటిల్ కేసి చూసింది. సగం నీళ్ళ కెటిల్ ఆవిడ ఎత్తగలదు. నిండుది ఎత్తలేదు. ఆ సంగతి ఇన్నేళ్ళూ ఆవిడకి తట్టలేదు.

“మరి నేను అన్ని తిట్లు తిడుతుంటే నోరెత్తవేం?”

“నువ్వు చెప్పదలుచుకోలేదు కదా,” అన్నాడు క్లైవ్. “తిడుతున్నంతసేపూ హుషారుగా కూడా ఉండేదానివి.”

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. వేళ్ళతో రాక, మణికట్టుతో తుడుచుకుంది, దాచకుండా. ఇంత సుఖంగా ఏడ్చి ఎన్నాళ్ళయిందో ఆవిడకే గుర్తులేదు. తరవాత ఊరగాయ సీసాని మోచేత్తో అతని వైపు నెట్టి, ఒక ఉల్లిపాయ తీసిపెట్టమంది. క్లైవ్ మూత తీసి, ఉల్లిపాయ ఆవిడ ప్లేట్లో వేసి, మూత మళ్ళీ సీసా మీద ఊరికే పెట్టబోయాడు.

“గట్టిగా బిగించు,” అంది గ్లెండా. “కావాలంటే నిన్నే అడుగుతాను.”

క్లైవ్ సీసాని ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో, పెళ్ళైన కొత్తల్లోలాగా బిగించాడు.