ఎర్ర గీత దాటిన నీళ్లు

ఆ రోజుల్లో అని మొదలుపెట్టడానికి నాకింకా అంత వయసు రాలేదు గానీ, ఇరవై నిండని ఆ రోజుల్లో నాకు రెండు ధీమాలుండేవి. దేవుడు నన్ను చూస్తున్నాడన్నది ఒకటి. అది ఇప్పటికీ ఉంది, ఆయనకు స్తోత్రం. చెప్పింది చెప్పినట్టు చెయ్యడంలో నన్ను మించినవాళ్లు లేరన్నది రెండోది. అది ఒక ఆదివారం పూట మా గుమ్మం దాకా నీళ్లలో కొట్టుకుపోయింది.

ఆయాసం మనిషినని నన్ను బడికి పంపలేదు. పాటల పుస్తకం, బైబిలు ముందు పెట్టుకుని అమ్మే ఇంట్లో చదువు చెప్పింది. హుకుంపేట దగ్గరి మా కొండ ఊళ్లో అందరికీ నేను ‘బడికెళ్లని గుంట’ని. ఒక్క మా చిన్నాన్నే నన్ను చదువుకున్నదాన్నిగా లెక్కవేసేవాడు. ఓడ ఇంజను గదిలో ఏళ్లకేళ్లు పనిచేసి, మోకాలు పాడై, పెళ్లీ పెటాకులూ లేకుండా మా ఇంటికొచ్చాడు. వచ్చాడే గానీ కొండ మీద ఆయనకి ఊపిరాడేది కాదు. చివరికి సముద్రాన్నే పైకి తెచ్చుకున్నాడు. పెద్ద గాజు తొట్టె, సంచుల్లో సముద్రపు ఉప్పు (వంటుప్పు పనికిరాదట, అమ్మ డబ్బా పట్టుకొస్తే చేతులు అడ్డం పెట్టాడు), ఘాటు రోడ్డు మలుపులన్నీ ఒళ్లో కూర్చోబెట్టుకుని తెచ్చిన రెండు చేపలు. నారింజ రంగు మీద తెల్ల పట్టీలు, వేలెడంత ప్రాణాలు.

తొట్టె కింద బల్ల అరలో ఇంకో చిన్న తొట్టె. దాన్ని సంప్ అంటారని తొట్టెతో వచ్చిన కాగితం చదివి నేనే చెప్పాను. పై నీళ్లు గొట్టంలోంచి కిందికి దిగి, గుడ్డ సంచిలో వడకట్టుకుని, రాళ్ల మధ్య నుంచి పారి, మురికంతా నురగలా తీసేసే ఒక గొట్టం పక్కనుంచి సాగి, శుభ్రమయ్యాక మోటారు వాటిని మళ్లీ పైకి తోస్తుంది. నేను చదువుతుంటే ఆయన బిగించాడు. స్విచ్చిల పెట్టెను మాత్రం నేల మీద పెట్టనివ్వకుండా గోడకి మేకు కొట్టి ఎత్తులో వేలాడదీశాడు. కింద తొట్టెకి సగం మీద ఎర్ర పెయింటుతో ఒక గీత గీశాడు.

శుక్రవారం మోకాలు చూపించుకోవడానికి విశాఖపట్నం వెళ్తూ ఆ గీత మీద వేలు పెట్టి చూపించాడు. “అమ్మడూ, ఆవిరైన మేరకి రోజూ సెంబుడు మంచినీళ్లు పొయ్యి. గీత మాత్రం దాటకూడదు. కరెంటు పోతే మోటారు ఆగిపోతాది, పై నీరు కొంత కిందకి దిగిపోతాది. అదొచ్చి కూకోడానికే ఈ ఖాళీ.” నేను బుద్ధిగా తలూపాను. అర్థమైంది కూడా. అదే నా బాధ.

మా ఇంట్లో ఆదివారం నీళ్లు మొయ్యం. శనివారం సాయంత్రమే గెడ్డ వాగు నుంచి మోసి బిందె, బకెట్టు, గంగాళం, ఆఖరికి గుండిగ కూడా అంచుల దాకా నింపేస్తాం. ఆదివారం పూట ఇంట్లో వెలితి గిన్నె ఉండకూడదని అమ్మ మాట. ఆ శనివారం పాట పాడుకుంటూ అన్నీ నింపుకొచ్చాను. ఆఖరున సంప్‌లో చెంబుడు పోశాను. చూస్తే సగానికే ఉంది. నా చేతులు నన్నడగలేదు. రెండు బిందెలు పోసి, అంచు తుడిచి, స్తోత్రం చెప్పుకుని పడుకున్నాను.

మర్నాడు చర్చిలో ప్రసంగం మధ్య ఫ్యాన్లు ఆగాయి. మైకు మూగబోయింది. పాస్టరుగారు గొంతు పెంచి పొర్లిపారే దీవెనల గురించి చెబుతూనే ఉన్నారు. నాకు మాత్రం ఎర్ర గీత కనబడింది. ప్రార్థన మధ్యలో లేచిపోవడం మా ఇంటా వంటా లేదు. ప్రసంగం అయ్యాక పాస్టరుగారు రోగుల కోసం ప్రార్థన చేశారు, కాఫీ పూత కోసం చేశారు, ప్రయాణాల్లో ఉన్నవాళ్ల కోసం చేసేసరికి బస్సులో వస్తున్న చిన్నాన్న గుర్తొచ్చి వెక్కి వెక్కి ఏడ్చాను. అమ్మ నా వీపు నిమిరి, “ఏడవకే, ప్రభువు నీ మనసు తాకాడు” అని సంతోషపడింది. నేను ఆ రెండు చేపల కోసం ఎంత మొక్కుకున్నానో ఆ ప్రభువుకే తెలుసు.

ఆమేన్ అనగానే పరుగు, నా వెనకే అమ్మ. తలుపు తీస్తే నీళ్లు మమ్మల్ని ఎదురొచ్చి పలకరించాయి. స్విచ్చిల పెట్టె ఎత్తున పొడిగా ఉంది, దానికీ స్తోత్రం. చేపలే కనబడలేదు. రాళ్ల వెనకా లేవు, గొట్టం దగ్గరా లేవు. మోటారు ఆగితే చెంబుతో ముంచి పోస్తూ గాలి అందించాలని కాగితంలో చదివింది గుర్తొచ్చి, బల్లెక్కి ముంచి పొయ్యడం మొదలుపెట్టాను, చెంబుకో ప్రార్థన. ఎన్నో చెంబుకో గానీ మూల చీకట్లోంచి ఒక పట్టీ కదిలింది. దాని వెనకే ఇంకోటి.

కింద చూస్తే అమ్మ చీర ఎగగట్టి గుడ్డతో నేల ఒత్తుతోంది, ఆదివారం పూట. “గొర్రె గోతిలో పడితే ఆదివారమైనా లాగమన్నాడు కదే ప్రభువు, సేపైతే మాత్రం ఏటి? నువ్వు బేగి పొయ్యి” అంది.

కరెంటొచ్చింది. మోటారు పైకి తోడినంత తోడి నిలకడకొచ్చేసరికి, సంప్‌లో నీళ్లు సరిగ్గా ఎర్ర గీత మీద ఆగాయి. ఎక్కువైనవి ఎక్కువైనట్టు నేల మీదకి పోయాయి కదా. చిన్నాన్నకి చెప్పక్కర్లేదేమోనన్న దుర్బుద్ధి నాకు ఒక గంటసేపు కలిగింది, దాచడమెందుకు. ఆ గంటలో నేల ఆరింది. ఆరాక బల్ల నుంచి గుమ్మం దాకా తెల్లటి ఉప్పుచారలు తేలాయి.

సాయంత్రం చిన్నాన్న గుమ్మంలోనే ఆగి, వంగలేక వంగి, వేలితో నేల రాసి నాలిక మీద పెట్టుకున్నాడు. నేను గబగబా అంతా ఒప్పేసుకున్నాను. ఆయన తిన్నగా వెళ్లి చేపల్ని చూసి, లెక్కపెట్టి (రెండిటిని), అప్పుడు కూర్చున్నాడు.

“నీరెందాకా వచ్చింది?”

“గుమ్మం దాకా చిన్నాన్నా.”

“మళ్లీ ఎనక్కి పోయిందా?”

“అమ్మ ఒత్తేసింది.”

“అయితే మనింటికి సముద్రపు పోటొచ్చి ఎల్లిందన్నమాట” అన్నాడు. ఆ రాత్రి ఆయన తగ్గిన ఉప్పు కొలిచి కొంచెం కొంచెంగా కలుపుతుంటే, కాగితం మళ్లీ నాచేతే చదివించాడు. అదొక్కటి చాలు నాకు.

సిమెంటు తాగిన ఉప్పు ఎక్కడికీ పోలేదు. ముసురు పట్టినప్పుడల్లా అక్కడ నేల చెమ్మగిల్లుతుంది. ఇప్పటికీ దాని మీద కాలు పడితే చాలు, చేతిలో ఏ పనున్నా వదిలేసి, వంగి ఎర్ర గీత చూసొస్తాను. చూసొచ్చి, ఆ బుద్ధిమంతురాలైన గుంటని తలుచుకుని నవ్వుకుంటాను.