చస్తానని నేననలేదు

తమ్ముడి కోసం మా అక్క పెళ్లి మానుకుందని బంధువులు ఇప్పటికీ మెచ్చుకుంటారు. ఆ రోజు నేనన్న మాటకు అర్థం వేరని వాళ్లెవరికీ చెప్పలేదు.

అమ్మానాన్నలు పోయాక మెట్టుగూడ ఇంట్లో మేమిద్దరమే. అక్క ఒక బడిలో తెలుగు టీచరు. నేను డిగ్రీ అయిపోయి, ఉద్యోగం కోసం స్పోకెన్ ఇంగ్లీషు క్లాసుకు వెళ్లేవాణ్ణి. ఎదుటివాళ్ల మాట కాదనడం ఎలాగో మా సారు మెట్లు మెట్లుగా నేర్పాడు. 'ఐ డోంట్ థింక్ సో' మొదటి మెట్టు. 'ఓవర్ మై డెడ్ బాడీ' ఆఖరుది. దాని తర్వాత ఇక మాట్లాడేదేమీ ఉండదన్నాడు.

ఒక సాయంత్రం అక్క మోండా మార్కెట్ నుంచి తెచ్చిన చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, తలెత్తకుండా చెప్పింది.

"మా బడిల లెక్కల సారు ఉన్నడు గదా. భార్య పోయింది. నన్ను చేసుకుంటనంటుండు. నువ్వేమంటవ్‌రా? నీ టస్సుబుస్సు ఇంగ్లీషు వద్దు, జెర తెలుగుల చెప్పు."

ఆయన మంచివాడని నాకు తెలుసు. అక్క వెళ్లిపోతే ఆ ఇంట్లో ఒక్కణ్ణే మిగులుతానన్న భయం పట్టుకుంది. అది చెప్పడానికి సిగ్గేసింది. ఆఖరి మెట్టు మాట అనేసి బయటికి వెళ్లిపోయాను.

తిరిగొచ్చేసరికి ఆమె గుమ్మంలో నిలబడి ఉంది.

"రైలు పట్టాల దిక్కు పోయినవా?"

"లేదు. ఎందుకు?"

"నువ్వు సచ్చిపోతనంటే నాకెందుకురా గా పెండ్లి. రేపే సారుకు చెప్పేస్త. గసొంటి మాట మళ్ల అనకు."

డెడ్ బాడీ అన్న రెండు ముక్కలే ఆమెకు అందాయి. అదే తెలుగులో చచ్చినా ఒప్పుకోనని ఉంటే, నవ్వి నెత్తిన ఒక్కటిచ్చేది. వివరించడానికి నోరు తెరిచి, మూసేశాను. నాకు కావలసింది జరిగిపోయింది మరి.

కొన్నేళ్లకు నాకు పెళ్లయింది. ఆఫీసుకు దగ్గరని బేగంపేటకు మారాం. లెక్కల సారు అప్పటికే వేరే ఊళ్లో మరొకామెను చేసుకున్నాడు. అక్క ఆ ఇంట్లోనే ఉండిపోయింది.

ఆమె రిటైరైన ఏడాది ఒక ఆదివారం చెప్పకుండా వెళ్లాను. వంటింట్లో ఒకే కంచం బోర్లించి ఉంది. నాకోసం ఇంకోటి తీయడానికి అక్క అటక వైపు స్టూలు జరుపుతోంది.

"వద్దక్కా, కూసో," అన్నాను. "ఆ రోజు నేను సచ్చిపోతనని అనలే. ఇంగ్లీషుల అట్లంటే అస్సలు ఒప్పుకోనని, అంతే. నీకు వేరే తీరు సమజైందని నాకు అప్పుడే ఎరుకైంది. నువ్వు పోతే నాకెవరుంటరని నోరు మూసుకున్న. తప్పు నాదే. మాఫ్ చెయ్యక్కా."