సారుగారి కాఫీ చెంచా

ఐదో తరగతితోనే బడి మానేశాను. రాయడం ఇదే మొదటిసారి. అక్షరాలు తప్పితే నవ్వకండి.

సైనిక్‌పురిలో నేను వంట చేసిన ఇంటి సారుకు కాఫీ గింజల పిచ్చి. ఫ్రిజ్ నిండా గింజల పొట్లాలే, కూరగాయలు బయట వాడిపోయేవి. రోజూ పొద్దున్నే రకరకాల గింజలతో కాఫీలు పెట్టి, ఒకే చెంచాతో ఒక్కో కప్పులోంచి జుర్రుమని పీల్చి, రుచి చూసి, నేను తోమిన సింకులో ఉమ్మేవారు. ఆ సింకు నేను మళ్లీ తోముకునేదాన్ని.

ఒకరోజు ఆయన తనకు నచ్చని కప్పు నా ముందుకు తోశారు.

“తాగమ్మా, ఖరీదైన గింజలు. పారబోయకూడదు.”

“మీ ఎంగిలి నేనెట్ల తాగుత సార్?”

“ఎంగిలేంటి? నేను కప్పు ముట్టుకోలేదుగా, చెంచాతో తాగాను!”

“ఆ చెంచ మీ నోట్లకెల్లే గద సార్ వచ్చింది?”

పని పోతుందని భయమేసింది. అయినా కప్పు సింకులో వంచేశాను.

ఆయన నన్ను తిట్టలేదు. అసలు నా ముఖమే చూడలేదు. “అయ్యో, నా కాఫీ!” అంటూ, తాను ఉమ్మిన ఆ సింకులోకే వంగి, కళ్లు మూసుకుని వాసన పీల్చారు.

నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని చెప్పులేసుకుని ఆ ఇంట్లోంచి వచ్చేశాను.

రాతలో తప్పులుంటే మీరే దిద్దుకుని చదవండి, నన్ను మన్నించండి.